కంటికి కనబడని లోపం

సిరిసిల్ల వస్త్ర పరిశ్రమకు పేరుగన్న పట్టణం. అక్కడి మరమగ్గాలను కార్మికులు సాంచెలంటారు. సాంచె మీద పడుగు పోగు ఒకటి తెగితే బట్టపై సన్నని గీత పడుతుంది. పేక తప్పితే అడ్డంగా పలుచని చార కనిపిస్తుంది. అనుభవం గల ఆసామి ఆ బట్టను వెలుగుకు ఎదురుగా పరచి, లోపం ఎక్కడున్నదో వేలితో చూపగలడు. నేతలో తప్పు దాగదు. అది బట్ట మీదనే తన జాడను విడిచిపెడుతుంది.

ఇందుకు పూర్తిగా భిన్నమైన పని ఒకటి ఉన్నది. అందులో చక్కగా చేసిన పనీ, తప్పుగా చేసిన పనీ చూపులకు ఒకే తీరుగా ఉంటాయి. అదే సమాచార గుప్తీకరణ. దీనినే ఎన్‌క్రిప్షన్ అని వ్యవహరిస్తారు. చదువగలిగిన సమాచారాన్ని ఒక రహస్య సంఖ్య సహాయంతో అర్థం కాని సంకేతాల రాశిగా మార్చడమే గుప్తీకరణ. ఆ రహస్య సంఖ్యకు తాళపుచెవి అని పేరు. చెవి ఉన్నవారికి మాత్రమే ఆ రాశి తిరిగి సమాచారంగా మారుతుంది. దృఢమైన గుప్తీకరణ ఫలితం గజిబిజిగా ఉంటుంది. బలహీనమైన గుప్తీకరణ ఫలితం కూడా అంతే గజిబిజిగా ఉంటుంది. రెంటినీ పక్కపక్కన పెట్టి చూచినా సామాన్యునికి భేదం తెలియదు.

కనుక ఇక్కడ లోపాన్ని ఫలితంలో కాక, ఆ ఫలితాన్ని పుట్టించిన ప్రోగ్రాములోనే వెదకవలసి ఉంటుంది. ఒకరు ప్రోగ్రాములో మార్పు చేసినప్పుడు దానిని స్వీకరించే ముందు ఇతరులు పంక్తి పంక్తినీ చదివి పరీక్షించడాన్ని కోడ్ సమీక్ష అంటారు. గుప్తీకరణకు సంబంధించిన మార్పుల విషయంలో ఈ సమీక్ష ఒక లాంఛనం కాదు, రక్షణకు మూలాధారం.

ఒక ఫోనులో ఒక కుటుంబం

ఈ విషయం ఎక్కడో విదేశాలలోని ఇంజనీర్లకు మాత్రమే సంబంధించినదని భావించరాదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుండి అనేకులు దశాబ్దాలుగా గల్ఫ్ దేశాలకు పనికై వెళుతున్నారు. అట్లా వెళ్ళిన కార్మికుని చేతిలోని ఫోను కేవలం మాట్లాడుకొనే సాధనం కాదు. పాస్‌పోర్టు ప్రతి, వీసా కాగితం, అకామా కార్డు చిత్రం, బ్యాంకు వివరాలు, ఇంటికి పంపిన పైకపు రసీదులు, పిల్లల ఫోటోలు అన్నీ అందులోనే ఉంటాయి. ఆ ఫోను బస్సులో జారిపోయినా, దొంగిలింపబడినా పోయేది యంత్రం ఒక్కటే కాదు.

ఫోను తెరకు పెట్టిన తాళం చాలదా అన్న సందేహం కలుగవచ్చు. తెర మీది తాళం ఇంటి తలుపుకు వేసిన గొళ్ళెం వంటిది. తలుపు తెరవలేనివాడు గోడ పగులగొట్టి లోనికి రావచ్చు. అదే విధంగా, తెరను దాటలేనివాడు సమాచారం నిలువ ఉండే భాగాన్నే నేరుగా చదివే ప్రయత్నం చేయవచ్చు. లోపల రాసి ఉన్నదంతా గుప్తలిపిలో ఉంటే గోడ పగిలినా అతనికి దక్కేది అర్థం లేని అంకెలే. ఈ రెండవ రక్షణను కల్పించేదే ఫైల్ సిస్టమ్ గుప్తీకరణ.

ఫైల్ సిస్టమ్ అంటే ఏమిటి?

ఒక గ్రంథాలయాన్ని ఊహించుకొనవచ్చు. బీరువాలలో పుస్తకాలుంటాయి. ఏ పుస్తకం ఏ అరలో ఉన్నదో తెలిపే పట్టిక ఒకటి ఉంటుంది. కంప్యూటరులోను, ఫోనులోను ఈ ఏర్పాటుకే ఫైల్ సిస్టమ్ అని పేరు. అది నిలువ స్థలాన్ని చిన్న చిన్న గడులుగా విభజిస్తుంది. ఒక్కొక్క గడి సాధారణంగా 4096 బైట్ల పరిమాణం కలిగి ఉంటుంది. ప్రతి ఫైలుకు పేరు, పరిమాణం, తేదీ, అది ఏయే గడులలో ఉన్నదన్న వివరం పట్టికలో నమోదవుతాయి.

1991లో లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ కెర్నల్ నేటి ఆండ్రాయిడ్ ఫోన్లన్నింటికీ పునాది. దానిలో ఫైళ్ళను గుప్తీకరించే పద్ధతులు క్రమంగా అభివృద్ధి చెందాయి. 2006లో ఈక్రిప్ట్‌ఎఫ్ఎస్ అనే వ్యవస్థ కెర్నల్‌లో చేరింది. అది మరొక ఫైల్ సిస్టమ్‌పై పొరవలె పనిచేసేది. 2015లో ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్‌లోనే గుప్తీకరణను నేరుగా చేర్చారు. అదే సంవత్సరం ఎఫ్2ఎఫ్ఎస్ అనే మరొక ఫైల్ సిస్టమ్ కూడా ఆ సదుపాయాన్ని పొందింది. 2016లో ఈ రెండింటికీ ఉమ్మడిగా ఉన్న భాగాన్ని విడదీసి ఒకేచోట ఉంచారు. అదే ఎఫ్ఎస్‌క్రిప్ట్‌గా ప్రసిద్ధి పొందింది. ఆ ఏడాది వచ్చిన ఆండ్రాయిడ్ 7.0 ఫైళ్ళవారీ గుప్తీకరణను ప్రవేశపెట్టింది. 2019లో ఆండ్రాయిడ్ 10తో విడుదలయ్యే కొత్త ఫోన్లకు అది తప్పనిసరి అయింది.

సమీక్షకుడు అడిగే ప్రశ్నలు

కెర్నల్‌కు మార్పును ప్రతిపాదించే రచయిత దానిని చిన్న చిన్న భాగాలుగా విడదీసి పంపవలసి ఉంటుంది. ఒక్కొక్క భాగం ఒక్క పనినే చేయాలి. అది ఎందుకు అవసరమో వివరణ ఉండాలి. ఇతరులు దానిని చదివి ప్రశ్నిస్తారు, సవరణలు సూచిస్తారు. సంతృప్తి చెందిన సమీక్షకుడు తన పేరును ఆ మార్పు కింద నమోదు చేస్తాడు. అనగా ఆ మార్పు కెర్నల్‌లో చేర్చడానికి తగినదని తన అభిప్రాయం తెలపడమే.

గుప్తీకరణ మార్పులలో సమీక్షకుడు మొదట పరిశీలించేది తాళపుచెవిని. అన్ని ఫైళ్ళకు ఒకే చెవి వాడితే, రెండు ఫైళ్ళలో ఒకే సమాచారం ఉన్నప్పుడు వాటి గుప్తరూపాలు కూడా ఒకటిగానే కనిపించే ప్రమాదం ఉన్నది. లోపలి సంగతి తెలియకపోయినా, అవి రెండూ సమానమన్న సంగతి బయటపడుతుంది. అందుచేత ఒక మూలచెవి నుండి ప్రతి ఫైలుకూ వేరు వేరు చెవులను పుట్టించాలి. ఒకే ఫైలులోని వేరు వేరు గడులు సైతం వేరు వేరు రూపం పొందాలి. అందుకై గడి క్రమసంఖ్యను కూడా గుప్తీకరణ గణితంలో చేరుస్తారు.

ఇక్కడే ఒక చారిత్రక ఉదాహరణ ఉన్నది. 2015 నాటి తొలి పద్ధతిలో ప్రతి ఫైలు చెవిని మూలచెవి నుండి పుట్టించేవారు గాని, ఆ గణితం వెనుకకు కూడా నడిచేది. ఏదో విధంగా ఒక్క ఫైలు చెవి పరుల చేతికి చిక్కితే, డిస్కుపై బహిరంగంగా ఉండే మరొక సంఖ్య సహాయంతో మూలచెవినే రాబట్టవచ్చు. ఒక గది తాళం దొరికితే ఇల్లంతా దోచినట్లే. అంతేకాక, వాడుకరి ఇచ్చిన చెవి సరియైనదా కాదా అని కెర్నల్ నిర్ధారించుకొనేది కాదు. చెవికి తగిలించిన పేరును మాత్రమే చూచేది. ఈ రెండు లోపాలు ఉన్నప్పటికీ ఫైళ్ళు యథావిధిగా తెరుచుకొనేవి, మూసుకొనేవి. వాడేవారికి ఏ తేడా కనబడలేదు. 2019 నవంబరులో విడుదలైన లినక్స్ 5.4లో రెండవ పద్ధతి వచ్చింది. అందులో చెవులను వెనుకకు నడవని గణితంతో పుట్టిస్తారు. చెవిని గుర్తించే సంఖ్యను కూడా ఆ చెవి నుండే లెక్కిస్తారు.

రెండవ ప్రశ్న పేర్లకు సంబంధించినది. ఫైలులోని విషయాన్ని దాచి పేరును దాచకపోతే ప్రయోజనం సగమే. ఒక రోగి వైద్య పరీక్షా ఫలితం గుప్తంగా ఉన్నా, ఆ వ్యాధి పేరే ఫైలు పేరైతే రహస్యం నిలువదు. కనుక పేర్లను కూడా గుప్తీకరిస్తారు. మరి చెవి లేనివారు ఆ డైరెక్టరీని తెరిస్తే ఏమి కనబడాలి? వారు కొత్త ఫైలును సృష్టింపజూస్తే ఏమి జరగాలి? ఈ సందర్భాలన్నింటికీ ప్రోగ్రాములో స్పష్టమైన సమాధానం ఉండాలి. ఎఫ్ఎస్‌క్రిప్ట్‌లో చెవి లేనివారికి సంకేతరూపంలోని పేర్లు మాత్రమే కనిపిస్తాయి. కొత్త ఫైళ్ళను సృష్టించడానికి వారికి వీలుండదు.

మూడవ ప్రశ్న పాత సమాచారం గురించి. ఎఫ్ఎస్‌క్రిప్ట్‌లో ఖాళీ డైరెక్టరీకి మాత్రమే గుప్తీకరణను నిర్ణయించవచ్చు. ఇది అసౌకర్యంగా తోచవచ్చు గాని దీనికి బలమైన కారణం ఉన్నది. సగం ఫైళ్ళు గుప్తంగా, సగం బహిరంగంగా ఉన్న డైరెక్టరీని చూచి, వాడుకరి అంతా భద్రమేనని భ్రమపడతాడు. ఆ భ్రమ రక్షణ లేకపోవడం కంటె ప్రమాదకరం.

నాల్గవ ప్రశ్న జ్ఞాపకస్థలాన్ని గురించినది. పని ముగిసిన తరువాత తాళపుచెవిని కంప్యూటరు జ్ఞాపకం నుండి తుడిచివేయాలి. రచయిత తుడిచివేసే ఆజ్ఞను రాసే ఉండవచ్చు. అయితే ప్రోగ్రామును యంత్రభాషలోనికి మార్చే కంపైలరు, ఆ స్థలాన్ని తరువాత ఎవరూ చదవడం లేదు గనుక తుడవడం వృథా అని తలచి ఆ ఆజ్ఞను తొలగించే అవకాశం ఉన్నది. అందుకని కంపైలరు తొలగించలేని ప్రత్యేకమైన ఆజ్ఞను కెర్నల్‌లో ఏర్పరచారు. రచయిత సాధారణ ఆజ్ఞను వాడినాడా, ప్రత్యేకమైనదానిని వాడినాడా అని సమీక్షకుడు చూస్తాడు. చదవడానికి రెండూ ఒకే తీరుగా ఉంటాయి. ఫలితంలో మాత్రం భేదం అపారం.

చివరి ప్రశ్న వైఫల్యాన్ని గురించినది. గుప్తీకరణ మధ్యలో జ్ఞాపకస్థలం చాలకపోతే ఏమవుతుంది? ప్రోగ్రాము దోషాన్ని తెలిపి ఆగిపోతుందా, లేక అసలు సమాచారాన్నే డిస్కుపై రాసివేస్తుందా? అరుదుగా సంభవించే ఈ దారులలోనే పెద్ద లోపాలు దాగి ఉంటాయి. కనుక ప్రతి దారినీ సమీక్షకుడు చివరికంటా నడిచి చూడాలి.

పరీక్షలో నెగ్గితే చాలదు

పరీక్షలు పెట్టి చూస్తే సరిపోదా అని ఎవరైనా అడుగవచ్చు. ఒక ఫైలును రాసి, తిరిగి చదివి, రెండూ ఒకటేనని చూడడం సాధారణ పరీక్ష. గుప్తీకరణ విషయంలో ఈ పరీక్ష దాదాపు నిష్ప్రయోజనం. ప్రోగ్రాము ఏమీ గుప్తీకరించకుండా రాసినా ఈ పరీక్షలో నెగ్గుతుంది. తప్పుడు గణితంతో దాచి, అదే తప్పుడు గణితంతో విప్పినా నెగ్గుతుంది. అందువలన లినక్స్ ఫైల్ సిస్టమ్‌ల పరీక్షా సముదాయంలో మరొక మార్గాన్ని అనుసరించారు. గుప్తీకరణ గణితాన్ని విడిగా మరొక ప్రోగ్రాములో మొదటి నుండి రాసి, డిస్కుపై నిజంగా ఉన్న సంకేతాలను ఆ లెక్కతో పోల్చి చూస్తారు. ఒకే లెక్కను ఇద్దరు విడివిడిగా చేసి సరిచూచుకొనడం వంటిది ఇది.

సమీక్ష లోపిస్తే కలిగే అనర్థానికి 2006 నాటి డెబియన్ సంఘటన ప్రసిద్ధ నిదర్శనం. ఇది ఫైల్ సిస్టమ్‌కు సంబంధించినది కాకపోయినా, గుప్తీకరణలో చిన్న మార్పు ఎంత పని చేయగలదో తెలుపుతుంది. డెబియన్ అనే లినక్స్ సంకలనంలో గుప్తీకరణకు వాడే ఓపెన్‌ఎస్ఎస్ఎల్ ప్రోగ్రామును ఒక తనిఖీ సాధనంతో పరీక్షించగా హెచ్చరికలు వచ్చాయి. వాటిని నివారించే సదుద్దేశంతో స్వల్పమైన మార్పు చేశారు. తొలగిన భాగమే తాళపుచెవుల తయారీకి కావలసిన యాదృచ్ఛికతను సమకూర్చేది. ఊహకందనన్ని రకాలుగా పుట్టవలసిన చెవులు, ఒక్కొక్క రకపు యంత్రంపై, ఒక్కొక్క పరిమాణానికి కేవలం 32,768 రకాలకే పరిమితమయ్యాయి. వాటన్నింటినీ ముందే తయారు చేసుకొని ఒక్కొక్కటిగా ప్రయత్నించడం కష్టం కాదు. 2008 మే నెలలో ఆ లోపం వెల్లడి అయ్యే వరకు, దాదాపు రెండు సంవత్సరాల పాటు, చెవులన్నీ చక్కగానే పనిచేశాయి. వాటి బలహీనతను వాడేవారికి తెలిపే సూచన ఒక్కటీ లేదు.

చౌక ఫోనుకు కూడా రక్షణ

సమీక్ష అంటే తప్పులను పట్టడం మాత్రమే కాదు. ఏ పద్ధతిని నమ్మాలి అన్న చర్చ కూడా అందులో భాగమే. ఏఈఎస్ అనే గుప్తీకరణ పద్ధతి 2001 నుండి అమెరికా ప్రభుత్వ ప్రమాణంగా, ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది. ఖరీదైన ఫోన్ల ప్రాసెసర్లలో దానిని వేగంగా నడిపే ప్రత్యేక ఏర్పాటు ఉంటుంది. తక్కువ ధర ఫోన్లలో అది లేనందున గుప్తీకరణ వల్ల ఫోను మందగించేది. ఫలితంగా రక్షణ ధనికులకు మాత్రమే దక్కే పరిస్థితి ఏర్పడింది.

దీనికి పరిష్కారంగా 2018లో స్పెక్ అనే తేలికైన పద్ధతిని లినక్స్ కెర్నల్‌లో చేర్చారు. దానిని రూపొందించినది అమెరికాకు చెందిన జాతీయ భద్రతా సంస్థ. పరుల సమాచారాన్ని సేకరించే సంస్థ రూపొందించిన తాళాన్ని నమ్మవచ్చునా అని అనేకులు ప్రశ్నించారు. చివరకు ఆ పద్ధతిని ఉపయోగించే ఆలోచనను గూగుల్ విరమించుకొన్నది. ఆ ఏడాది డిసెంబరులో విడుదలైన లినక్స్ 4.20 నుండి స్పెక్‌ను తొలగించారు. దాని స్థానంలో పాల్ క్రౌలీ, ఎరిక్ బిగ్గర్స్ రూపొందించిన అడియాంటమ్ అనే పద్ధతిని 2019 ఫిబ్రవరిలో గూగుల్ ప్రకటించింది. ప్రత్యేక ఏర్పాటు లేని ప్రాసెసర్లపై కూడా అది వేగంగా నడుస్తుంది. కోరుట్ల బజారులో తక్కువ ధరకు కొన్న ఫోనుకు కూడా రక్షణ అందాలన్న ఆలోచన ఈ విధంగా సాధ్యమైంది. ప్రశ్నించినవారు లేకపోతే ఆ చోటున మరొక పద్ధతి నిలిచి ఉండేది.

ఇటువంటి పని ఒక్క రోజులో ముగియదు. ఫోనులోని ప్రత్యేక యంత్రభాగంతోనే గుప్తీకరణను జరిపించే మార్పులను సత్య తంగిరాల 2019లో ప్రతిపాదించగా, అవి సమీక్షకుల సూచనల ప్రకారం పలుమార్లు తిరగరాయబడి 2020లో లినక్స్ కెర్నల్‌లో చేరాయి. తంగిరాల తెలుగువారికి సుపరిచితమైన ఇంటిపేరే. సెఫ్ అనే ఫైల్ సిస్టమ్‌కు గుప్తీకరణను చేర్చే ప్రయత్నం 2020లో మొదలై 2023లో గాని ఫలించలేదు. ఈ ఆలస్యాన్ని అసమర్థతగా భావించరాదు. లక్షలాది ఫోన్లలోనికి వెళ్ళిన తరువాత ఒక తప్పును దిద్దడం కంటె, వెళ్ళక ముందు ఏడాది ఆగడం మేలు.

కోట నేర్పే నీతి

జగిత్యాలలో 18వ శతాబ్దపు కోట ఒకటి ఉన్నది. అది నక్షత్రాకారంలో నిర్మింపబడినది. దాని చుట్టూ అగడ్త ఉన్నది. నక్షత్రాకారపు కోటల నిర్మాణంలో ఒక యుక్తి ఉన్నది. ఏ బురుజు అయినా తన పాదం వద్ద ఏమి జరుగుతున్నదో తాను చూడలేదు. దానిని పక్క బురుజు చూస్తుంది. ఒకదాని కంటికి కనబడని చోటును మరొకటి కాస్తుంది. శత్రువు నక్కగలిగిన మూల మిగలదు. కోడ్ సమీక్షలోని సూత్రం కూడా ఇదే. ఎంతటి ప్రజ్ఞావంతుడైనా తన రచనలోని లోపాన్ని తాను చూడలేని చోటు ఒకటి ఉంటుంది. దానిని పక్కవాని కన్ను చూడాలి.

కోట ఆకారం శత్రువుకు తెలిసినా దాని బలం తగ్గదు. గుప్తీకరణకు కూడా ఇది వర్తిస్తుంది. 1883లో ఆగస్ట్ కెర్కాఫ్స్ అనే పండితుడు ఈ సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. దాని సారాంశం ఇది: పద్ధతి అంతా శత్రువు చేతికి చిక్కినా, తాళపుచెవి ఒక్కటి రహస్యంగా ఉంటే చాలు, వ్యవస్థ భద్రంగా నిలవాలి. లినక్స్ వంటి బహిరంగ ప్రోగ్రాములు ఈ విశ్వాసం మీదనే నడుస్తున్నాయి. అందరూ చదువవచ్చు గనుక బలహీనమని కాదు, అందరూ చదివి పరీక్షింపవచ్చు గనుక బలపడుతుందని దాని భావం. అయితే చదువవచ్చు అన్నంత మాత్రాన ఎవరో ఒకరు చదివినట్లు కాదు. డెబియన్ ఉదంతం చెప్పే పాఠం అదే. చదివేవారు నిజంగా ఉండాలి.

గుప్తీకరణకు కూడా హద్దులున్నాయి. వాడుకలో ఉన్న పద్ధతి ఫైలు పరిమాణాన్ని, తేదీలను దాచదు. ఎవరైనా డిస్కుపై సంకేతాలను చెరిపి మార్చితే ఆ సంగతిని అది తనంతట తాను పట్టుకొనలేదు. తెరిచి ఉన్న ఫోనును మోసగాని చేతికిచ్చినా, ఫోనులో అడిగినవారికి ఓటీపీ చెప్పినా అది కాపాడలేదు. తాళపుచెవి శాశ్వతంగా పోతే సొంతదారునికి కూడా సమాచారం దక్కదు. ఈ హద్దులను స్పష్టంగా రాసి ఉంచమని రచయితను కోరడం కూడా సమీక్షకుని ధర్మం. లేని రక్షణను ఉన్నదని నమ్మించడం కంటె, లేదని నిజం చెప్పడం శ్రేయస్కరం.

జగిత్యాల జిల్లా నాచుపల్లిలో 2007లో ఇంజనీరింగ్ కళాశాల ఏర్పడింది. సిరిసిల్లలో కూడా అటువంటి కళాశాల ఉన్నది. ఈ ప్రాంతపు విద్యార్థులు ప్రోగ్రాములు రాయడం నేర్చుకొంటున్నారు. ఇతరులు రాసినదానిని శ్రద్ధగా చదవడం కూడా అంతే గొప్ప విద్య. లినక్స్ ప్రోగ్రాము మొత్తం బహిరంగంగానే ఉన్నది. దానిని చదవడానికి, ప్రశ్నించడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. "ఈ పంక్తి ఎందుకున్నది? ఇది విఫలమైతే ఏమవుతుంది?" అని వినయంతో అడిగిన ఒక్క ప్రశ్న, దూరదేశంలో పనిచేసే ఒక కార్మికుని పాస్‌పోర్టు ప్రతిని, అతని కుటుంబపు రహస్యాలను కాపాడవచ్చు. ఆ మేలు పొందినవానికి అడిగినవారెవరో ఎన్నడూ తెలియదు. తెలియకపోయినా ఆ మేలు విలువ తరగదు.